రాణిగారి బొమ్మ, దీవి పేరు: ఇంతకీ ఆ నాణెం ఎవరిది?

(నాణేల ప్రదర్శనలో ఒక సేకర్త ఇచ్చిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తప్ప మిగతాదంతా ఆయన మాటే.)

అందరికీ నమస్కారం. ముందు ఒక ప్రశ్న. ఎన్టీఆర్ బొమ్మ ఉన్న వంద రూపాయల నాణెం ఎంతమంది దగ్గర ఉంది? చేతులెత్తండి. అబ్బో, సగం హాలు! 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి విడుదల చేశారు. మన హైదరాబాద్ మింట్‌లోనే, అంటే టంకశాలలోనే కొట్టారు. 44 మిల్లీమీటర్లు, 35 గ్రాములు, అందులో సగం వెండి. ముఖ విలువ వంద రూపాయలు. మీరెంత పెట్టి కొన్నారు? నాలుగు వేల పైనే కదా. సరే, దాన్ని పట్టుకెళ్లి కిరాణా కొట్లో కందిపప్పు తెచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? లేరు. ఉండరు కూడా. ఖర్చు పెట్టడానికి కొట్టిన నాణెం కాదది, దాచుకోవడానికి కొట్టిన నాణెం.

అందులో తప్పేమీ లేదు. మన ప్రభుత్వం, మన మింట్, మన మనిషి బొమ్మ, కొన్నది మనమే. లెక్క సరిపోయింది. ఇప్పుడు నేను చెప్పబోయే నాణేల్లో ఈ లెక్క సరిపోదు. బొమ్మ ఒకరిది, పేరు ఒకరిది, మింట్ ఇంకొకరిది, కొనేవాడు వీళ్లెవరికీ సంబంధం లేని మనిషి. ఆ మనిషి మనలో ఒకడు కావచ్చు. అందుకే ఈ విషయం తీసుకున్నాను.

ట్రిస్టన్ డా కున్హా. పేరు విన్నారా? స్టాంపులు సేకరించేవాళ్లు వినే ఉంటారు. దక్షిణ అట్లాంటిక్ సముద్రం నడిమధ్యన ఒక అగ్నిపర్వతం, దాని పాదాల దగ్గర ఒకే ఒక్క ఊరు. జనాభా రెండు వందల యాభై లోపు. విమానాశ్రయం లేదు. కేప్‌టౌన్ నుంచి ఓడలో వారం రోజుల దాకా పడుతుంది. మనుషులు కాపురం ఉండే దీవుల్లో ప్రపంచంలో అన్నిటికంటే దూరంగా ఉన్నది అదే అంటారు.

ఆ ఊళ్లో 1942 దాకా డబ్బు వాడకమే లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళం అక్కడ స్థావరం పెట్టాక జీతాలు వచ్చాయి, జీతాలతో డబ్బు వచ్చింది. అప్పటిదాకా ఇచ్చిపుచ్చుకోవడమే. బంగాళాదుంపలే అక్కడి ప్రధాన పంట. 1946లో ఆ దీవికి స్టాంపు కావాలని ఒక నమూనా తయారు చేశారు. దాని మీద ధర ఏమని వేశారో తెలుసా? ఒక పెన్నీ, పక్కనే నాలుగు బంగాళాదుంపలు! నవ్వకండి, నిజంగా అలాగే వేశారు. స్టాంపుల వాళ్లు ఇప్పటికీ దాన్ని బంగాళాదుంప స్టాంపు అనే పిలుస్తారు.

ఇది 1946 మాట. 1977కి వద్దాం. ఎలిజబెత్ రాణి పట్టాభిషిక్తురాలై, కాదు కాదు, గద్దె ఎక్కి పాతికేళ్లు. పట్టాభిషేకం 1953, గద్దె ఎక్కడం 1952. సేకర్తలకు ఈ రెండు తేదీలూ వేర్వేరు, ఎందుకంటే రెండింటికీ వేర్వేరు నాణేలు కొంటారు. 1977లో ట్రిస్టన్ డా కున్హా పేరుతో పాతిక పెన్నీల పెద్ద నాణెం వచ్చింది. రాగి నికెల్‌లో ఒకటి, వెండిలో ఒకటి. ముప్పై ఏళ్ల కిందట బంగాళాదుంపలతో వెల కట్టుకున్న ఊరు, రాణిగారి రజతోత్సవానికి వెండి నాణెం వేసింది. ఎవరి కోసం వేసింది? ఆ ఊరి వాళ్ల కోసమా? ఆ ఊళ్లో ఉన్నదే ఒక్క దుకాణం. అక్కడ ఎవరూ ఆ వెండి నాణెం ఇచ్చి సబ్బు కొనలేదు.

అదే ఏడాది, అదే సందర్భానికి సెయింట్ హెలీనా వేసింది. ఫాక్‌లాండ్ దీవులు వేశాయి. జెర్సీ, గెర్న్సీ, ఐల్ ఆఫ్ మ్యాన్ వేశాయి. ఇదంతా స్టాంపుల దగ్గర నేర్చుకున్న విద్య. 1935లో ఐదో జార్జి రాజు రజతోత్సవానికి సామ్రాజ్యంలోని కాలనీలన్నీ ఒకే డిజైన్‌తో, పేరు మాత్రం మార్చి స్టాంపులు వేశాయి. సేకర్త ఏం చేస్తాడు? ఒకటి కొంటే సెట్టు పూర్తి కాదు. అన్నీ కొనాలి. నాణేల వాళ్లు అది గమనించారు.

మరి ఈ ఏర్పాటు ఎలా నడుస్తుంది? ఇది కాస్త జాగ్రత్తగా వినండి, ఎందుకంటే అసలు కిటుకు ఇక్కడే ఉంది. మన వైపు వైన్ షాపు లైసెన్సు ఒకరి పేరున ఉంటుంది, గల్లాపెట్టె దగ్గర కూర్చునేది ఇంకొకరు. తెలుసు కదా? దాదాపు అదే పద్ధతి. ఒక మింట్ ఉంటుంది, ప్రైవేటుది కావచ్చు, ప్రభుత్వానిది కావచ్చు. దానికి అచ్చులున్నాయి, యంత్రాలున్నాయి, కొనేవాళ్ల చిరునామాలున్నాయి. లేనిదల్లా ఒకటే, నాణెం వేసే అధికారం. అధికారం లేకుండా గుండ్రటి వెండి బిళ్ల మీద రాణి బొమ్మ వేస్తే అది పతకం అవుతుంది, నాణెం కాదు. పతకాన్ని కొనేవాళ్లు పదిమంది ఉంటే నాణేన్ని కొనేవాళ్లు వందమంది ఉంటారు. అందుకని మింట్ ఒక చిన్న దీవి ప్రభుత్వం దగ్గరికి వెళ్తుంది. మీ పేరు మా బిళ్ల మీద వేసుకుంటాం, ముఖ విలువ ఇంత అని మీరు గెజిట్‌లో ప్రకటించండి, మీకింత ఇస్తాం అంటుంది. నాణేనికి ఇంత చొప్పున రాయల్టీ కావచ్చు, ఏడాదికి ఒక మొత్తం కావచ్చు. పెట్టుబడి మింట్‌ది, అమ్మకం మింట్‌ది, అమ్ముడు పోకపోతే నష్టం కూడా మింట్‌దే. దీవికి పేరు ఇచ్చినందుకు డబ్బు వస్తుంది. ఇక రాజకుటుంబం బొమ్మలు వేయాలంటే లండన్ అనుమతి ఉండాలి, డిజైన్ ప్యాలెస్ దాకా వెళ్లి రావాలి. ఇదంతా చట్టప్రకారమే, దొంగతనంగా జరిగేది కాదు.

దీవికి ఇది ఎందుకు లాభం? ముఖ విలువకి ఆ నాణెం తిరిగి రాదు కాబట్టి. ఐదు పౌండ్లు అని రాసిన నాణేన్ని మీరు అరవై పౌండ్లకు కొని అల్మారాలో పెట్టుకున్నారు. దాన్ని పట్టుకుని ఓడెక్కి ట్రిస్టన్ వెళ్లి ఐదు పౌండ్లు ఇమ్మని అడుగుతారా? అడగరు. ట్రిస్టన్‌కి ఆదాయం ప్రధానంగా రాతి రొయ్యల నుంచి వస్తుంది, మనవాళ్లు లాబ్‌స్టర్ అంటున్నారు చూడండి, అవి. వాటి తర్వాత స్టాంపులు, నాణేలు. నాకైతే వాళ్ల మీద కోపం లేదు. 1961లో అగ్నిపర్వతం పేలితే ఊరు మొత్తాన్ని ఇంగ్లాండ్ తీసుకెళ్లారు. మరుసటి ఏడాది ఓటు పెడితే 148 మంది ఇంటికి పోతామన్నారు, ఐదుగురే ఉండిపోతామన్నారు. అలాంటి మొండివాళ్లకి రాణి బొమ్మ వల్ల నాలుగు డబ్బులు వస్తే రానివ్వండి.

కానీ కొన్నిచోట్ల ఇది మరీ చిత్రంగా ఉంటుంది. బ్రిటిష్ వర్జిన్ దీవులు తీసుకోండి. కరేబియన్ సముద్రంలో ఉన్నాయి. అక్కడ చెల్లేది అమెరికా డాలరు. 1959 నుంచీ అంతే. జేబులో వాషింగ్టన్, లింకన్ ఉంటారు, రాణిగారు ఉండరు. అయినా రాణి బొమ్మతో వాళ్ల పేరున కుప్పలు కుప్పలుగా నాణేలు వచ్చాయి. ఇంకో అడుగు ముందుకేద్దాం. సౌత్ జార్జియా, సౌత్ శాండ్‌విచ్ దీవులు. అంటార్కిటికాకి దగ్గర్లో. అక్కడ శాశ్వత జనాభా ఎంతో చెప్పండి. బాబూ, నువ్వు చెప్పు. సున్నా! శాస్త్రవేత్తలు, అధికారులు కొద్దిమంది వంతుల వారీగా వచ్చి పోతుంటారు, మిగతావి పెంగ్విన్లు, సీళ్లు. ఆ దీవుల పేరు మీద కూడా నాణేలున్నాయి. ఇప్పుడు చార్లెస్ రాజుగారు ఒకవైపు. చట్టప్రకారం చెల్లుతాయి. ఎవరికి చెల్లుతాయి? పెంగ్విన్‌కా?

పసిఫిక్‌లో నియూయే అని ఒక దీవి ఉంది, రెండు వేల మంది కూడా లేరు, వాడుకునేది న్యూజిలాండ్ డాలరు. అక్కడి నాణేల మీద ఒకవైపు రాణి, రెండోవైపు హాలీవుడ్ సినిమా పాత్రలు, కార్టూన్ బొమ్మలు. పిట్‌కైర్న్‌లో యాభై మంది లోపు ఉంటారు. 1790లో తిరుగుబాటు నావికులు దిగిన దీవి అది, ఇప్పుడున్నది ఎక్కువగా వాళ్ల సంతతే. వాళ్ల మొదటి నాణేలు 1988లో వచ్చాయి. ఒక్కో మనిషి వాటాకి ఎన్ని రకాల నాణేలు పడతాయో లెక్కేసుకోండి.

సరే, ఇప్పుడు ధర మాట. మీలో చాలామంది దీనికోసమే వచ్చారని నాకు తెలుసు.

1981 జూలై 29. చార్లెస్, డయానా పెళ్లి. ఆ పెళ్లికి నాణేలు వేయని బ్రిటిష్ దీవి ఏదో వెతుక్కోవాలి. వాటి సంగతి చెప్పే ముందు బ్రిటన్ సొంత నాణెం చూపిస్తాను, కొలత దొరుకుతుంది. ఇదిగో, అటునుంచి అందించండి, అంచులు పట్టుకోండి. 38.61 మిల్లీమీటర్లు, 28.28 గ్రాములు. క్రౌన్ అంటారు. బొమ్మ వైపు రాణి, బొరుసు వైపు చార్లెస్, డయానా తలలు ఒకదాని వెనుక ఒకటి, ఎడమవైపు చూస్తూ. ఇప్పుడు దీని ముఖ విలువ ఎంతో నాణెం మీద చూసి చెప్పండి. తిప్పి చూడండి. కనిపించదు! ఎక్కడా రాయలేదు. పాతకాలం క్రౌన్ అంటే ఐదు షిల్లింగులు, 1971లో దశాంశ పద్ధతి వచ్చాక పాతిక పెన్నీలు. అంతే దాని విలువ. ఇవి రెండు కోట్ల అరవై లక్షలకు పైగా కొట్టారు. అంతకుముందు 1977 రజతోత్సవానికైతే దాదాపు మూడు కోట్ల డెబ్బై లక్షలు. బ్రిటన్‌లో ప్రతి ఇంటి సొరుగులో ఒకటుంటుంది. పెళ్లి విడాకులైంది, డయానా పోయింది, నలభై ఏళ్లు దాటింది, మరి ధర పెరగాలి కదా? పెరగలేదు. అందరూ దాచుకున్న వస్తువుకి కొరత ఎక్కడినుంచి వస్తుంది?

దీవుల పేరున వచ్చిన రాగి నికెల్ నాణేలూ అంతే. తక్కువే కొట్టారు, నిజమే. కానీ కొనాలనుకునేవాళ్లు ఇంకా తక్కువ. ధర నిలబెట్టేది ఎన్ని కొట్టారన్న లెక్క ఒక్కటే కాదండీ, ఎంతమంది అడుగుతున్నారన్నది.

వెండిది వేరు. స్టెర్లింగ్ వెండి క్రౌన్ 28.28 గ్రాములు, అందులో వెండి 92.5 శాతం. అంటే 26 గ్రాముల పైచిలుకు అసలు వెండి. కాగితం మీద రాసుకోండి. ఎవరైనా మీకు ఈ నాణెం అమ్మజూపితే ముందు 26ని ఆ రోజు వెండి గ్రాము ధరతో హెచ్చించండి. ఆ అంకె మీ పాదాల కింద నేల. దాని పైన ఎంత ఎక్కువ అడుగుతున్నాడు, ఎందుకు అడుగుతున్నాడు? పెట్టె బాగుందనా? మఖమల్ బాగుందనా? సర్టిఫికెట్ మీద బంగారు రంగు సీలుందనా? ఆ సర్టిఫికెట్‌లో ఇంత సంఖ్య మించి కొట్టబోమని ఉంటుంది. బాగా చదవండి. ఆ సంఖ్య ఒక్క రకానికే. అదే డిజైన్ రాగి నికెల్‌లో ఉంటుంది, వెండిలో ఉంటుంది, రెట్టింపు మందం వెండిలో ఉంటుంది, బంగారంలో ఉంటుంది, రంగులద్దినది ఉంటుంది. ప్రతిదానికీ విడివిడిగా పరిమితి! అన్నీ పరిమితమే, మొత్తం మాత్రం అపరిమితం.

బంగారు పూత నాణేల గురించి ఒక్క మాటే చెప్తాను. పూతలో ఉండే బంగారం గీకి అమ్మితే టీ ఖర్చు కూడా రాదు. ఇంకో పద్ధతి ఉంది, అదీ చెప్పాలి. మొదటి నాణెం చాలా చౌకగా పంపిస్తారు. దానితోపాటు చిన్న అక్షరాల్లో ఒక ఒప్పందం ఉంటుంది, నెలనెలా మిగతావి వస్తాయి, వద్దంటే మీరే తిప్పి పంపాలి. లండన్‌లో, న్యూజెర్సీలో ఉంటున్న మన పిల్లలు నాన్నకి నాణేలంటే ఇష్టమని ఆన్‌లైన్‌లో ఆర్డరు పెడుతుంటారు. ఫోన్ చేసి ఆ చిన్న అక్షరాలు చదవమని చెప్పండి.

ప్రభుత్వం ముఖ విలువ రాసింది కదా, బ్యాంకులో వేసుకోవచ్చు కదా అని అడుగుతారు. బ్రిటన్ మింటే కొన్నేళ్ల కిందట ముఖ విలువకే వెండి నాణేలు అమ్మింది. ఇరవై పౌండ్ల నాణెం ఇరవై పౌండ్లకే, వంద పౌండ్లది వంద పౌండ్లకే. జనం ఎగబడ్డారు. తీరా బ్యాంకుకి పట్టుకెళ్తే బ్యాంకులు తీసుకోలేదు. చట్టప్రకారం చెల్లడం వేరు, కౌంటర్లో తీసుకోవడం వేరు. సొంత దేశం నాణేనికే ఇంత కథ ఉంటే ఎక్కడో దీవి నాణేనికి ఏం చెప్పాలి?

ఇంత తిట్టాక మరి మీరెందుకు పోగేశారు సార్ అంటారు. న్యాయమైన ప్రశ్న. నాకు వాటి మీద రాణి ముఖం ఇష్టం. నిజంగానే. ఆమె వయసు నాణేల మీద చూడొచ్చు. 1953లో మేరీ గిల్లిక్ చెక్కిన ముఖం, తల మీద కిరీటం లేదు, ఆకుల దండ, పాతికేళ్ల అమ్మాయి. ఆ తర్వాత ఆర్నల్డ్ మాచిన్, చిన్న కిరీటం. 1985లో రఫెల్ మక్లూఫ్, మెడ తెగిన చోట చిన్నగా మూడు అక్షరాలుంటాయి, ఆర్ డి ఎమ్, ఆయన పొడి అక్షరాలు. లెన్సు పెట్టి చూడండి. 1998లో ఇయాన్ ర్యాంక్ బ్రాడ్లీ. కళ్ల కింద బరువు, గడ్డం కింద కండ, ఏదీ దాచలేదాయన. నాకు అన్నిటికంటే నచ్చినది అదే. 2015లో జోడీ క్లార్క్. సంవత్సరం అరిగిపోయినా ముఖం చూసి నాణెం ఏ కాలానిదో చెప్పేయొచ్చు. ఇప్పుడు చార్లెస్ రాజు, మార్టిన్ జెన్నింగ్స్ చేశారు, ఎడమవైపు చూస్తుంటాడు. రాణి కుడివైపు చూసేది. రాజు మారితే చూపు దిక్కు మారుతుంది, రెండో చార్లెస్ కాలం నుంచి వస్తున్న ఆనవాయితీ.

ఆ ఆనవాయితీ కాదన్నవాడు ఒకడున్నాడు. ఎనిమిదో ఎడ్వర్డ్. 1936లో ఏడాది కూడా నిండకుండా ప్రేమించినామె కోసం గద్దె దిగిపోయాడు. నాన్న ఎడమవైపు చూశాడు కాబట్టి ఇతను కుడివైపు చూడాలి. కానీ నా ఎడమ వైపే అందంగా ఉంటుంది, అటే చూస్తానన్నాడు. తీరా అతని ముఖంతో బ్రిటన్‌లో నాణేలు చెలామణికి రాకముందే దిగిపోయాడు. అయినా అతని పేరుతో ఆ ఏడాది నాణేలు నిజంగా చెలామణి అయ్యాయి. ఎక్కడ? ఫిజీలో, న్యూగినీలో. తూర్పు, పశ్చిమ ఆఫ్రికాల్లో కూడా. ఎలా సాధ్యమైందంటే, వాటి మధ్యలో చిల్లు. ముఖం వేయడానికి చోటు లేదు, పేరు ఒక్కటే చాలు. మన చిల్లు కాణీ గుర్తొచ్చిందా పెద్దాయనా? మనది 1943 నుంచి. ఈ ఫిజీ పెన్నీ ఇదిగో, ట్రేలో ఉంది. ఉత్సవం కోసం కొట్టలేదు, కొబ్బరికాయలు కొనుక్కోవడానికి కొట్టారు. అరిగిపోయి ఉంది చూడండి, ఎన్ని చేతులు మారిందో. పక్కన పెట్టెలో మెరుస్తున్న వెండి నాణేలన్నీ ఒక పక్కా, ఇదొక్కటీ ఒక పక్కా పెడితే నేను దీన్నే ఉంచుకుంటాను.

చివరగా సెయింట్ హెలీనా. నెపోలియన్‌ని ఉంచిన దీవి. 1834 దాకా ఆ దీవి ఎవరి చేతిలో ఉంది? ఈస్టిండియా కంపెనీ చేతిలో. మనల్ని ఏలిన కంపెనీయే. 1821లో, అంటే నెపోలియన్ చనిపోయిన ఏడాదే, కంపెనీ ముద్రతో ఆ దీవికి రాగి అర పెన్నీ వచ్చింది. ఆ కాలంలోనే అదే కంపెనీ మద్రాసు టంకశాలలో కొట్టిన నాణేల మీద తెలుగు అక్షరాలున్నాయి, పక్కన తమిళం, పారశీకం కూడా. ఎవరి ఊళ్లో చెల్లాలో వాళ్ల భాష వేయక తప్పలేదు, లేకపోతే బజార్లో షరాబు తీసుకోడు.

ఇక్కడ కథ మలుపు తిరిగింది. భారతదేశంలో పుట్టిన సంజీవ్ మెహతా అనే వ్యాపారి ఆ పాత కంపెనీ పేరు కొనేసి 2010లో లండన్‌లో టీ, చాక్లెట్లు అమ్మే దుకాణం తెరిచాడు. ఆ కంపెనీ పేరుతో సేకర్తల కోసం నాణేలు కూడా వచ్చాయి. పేరు ఏ ప్రభుత్వానిది? సెయింట్ హెలీనాది! ఎలిజబెత్ రాణి పోయిన ఏడాదికి ఆమె జ్ఞాపకంగా కొన్ని కిలోల బంగారంతో, 6,400కి పైగా వజ్రాలు పొదిగి ఒక నాణెం తయారు చేయించారు. అది నాణెమా, నగా అంటే నేను నగ అనే అంటాను. కానీ పాత అర పెన్నీ పక్కన కొత్త సెయింట్ హెలీనా వెండి నాణెం పెట్టి, ఆ పక్కన తెలుగు అక్షరాల మద్రాసు నాణెం పెట్టి చూడండి. మూడింటి వెనకా అదే కంపెనీ పేరు. ఆ మూడూ ఒకే ట్రేలో పెట్టుకోవడం నాకు సరదా. అందులో పెట్టుబడి లేదు, లాభం లేదు, సరదా ఉంది. సరదాకి ఎంత ఖర్చు పెట్టొచ్చో మీ ఇంట్లో వాళ్లని అడిగి నిర్ణయించుకోండి.

ట్రేలు ఆ కిటికీ పక్క టేబుల్ మీద పెట్టాను. క్యాప్సూల్లో, అంటే ప్లాస్టిక్ డబ్బీలో ఉన్నవి తెరవకండి. బయట ఉన్నవి అంచు పట్టుకుని చూడండి, ముఖం మీద వేలు పెడితే ప్రూఫ్ నాణెం మీద, అంటే సేకర్తల కోసం అద్దంలా మెరిసేలా కొట్టినదాని మీద, ఆ ముద్ర ఇక పోదు. అమ్మా, మీరు ఇందాక అడిగారు, నల్లబడిన వెండి నాణెం తోమొచ్చా అని. చింతపండు వద్దు, విబూది వద్దు, టూత్‌పేస్టు అసలే వద్దు. నలుపుతోనే ఉంచండి, కొనేవాడికి ఆ నలుపే నమ్మకం. ప్రశ్నలుంటే టేబుల్ దగ్గర మాట్లాడుకుందాం, ఒక్కొక్కరుగా రండి.